అగ్నిశిఖ తొమ్మిదో పలక

డ్రాయింగ్ టీచరు ఉద్యోగంలో ఒక సుఖం ఉంది. మనం ఏం చేస్తున్నామో ఎవరూ అడగరు. కష్టం కూడా అదే. ముప్పై ఏళ్ల సర్వీసులో నా పీరియడ్లు సగం లెక్కల సార్లు పట్టుకుపోయారు. మిగిలిన వాటిలో చాలా భాగం ఆగస్టు పదిహేనుకు రంగు కాగితాలు కత్తిరించడానికీ, ఇన్‌స్పెక్షన్‌కు చార్టులు రాయడానికీ పోయింది. బోర్డు మీద నేను గీసిన మామిడిపండ్లన్నీ వరసగా పేరిస్తే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా వస్తాయేమో. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయింది ఏది?" అని అడుగుతుంటారు. ఏదో బహుమతి వచ్చిన బొమ్మ గురించి చెబుతానని వాళ్ల ఆశ. నాకు బాగా గుర్తున్నది మాత్రం పెన్సిలు చెక్కే బ్లేడుతో ఒక గడ్డ కొనలు కోసిన రోజు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, వినండి.

ఆ బడి మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే ఉంటుంది. ఊరి పేరు చెప్పను. చెబితే, అది అట్లా కాదు, ఇట్లా అని రేపటి నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. బడి వెనక ముళ్లకంచె, కంచె అవతల బీడు, బీడు అవతల నల్లమల కొండలు. నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు మా హెడ్మాస్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి గోడ చూపించారు.

"దీనికి ఏదన్నా చేయండి మేడం. పెయింట్ మాత్రం వద్దు. ముందటి ఏడు మీరు వేసిన నెమలి ఈ ఎండలకు గిన్నెకోడి లెక్క అయిపోయింది."

ఆ మాట నాకు గుచ్చుకుంది కానీ అబద్ధం కాదు. మార్కాపురంలో పుట్టి పెరిగినదాన్ని, రాతి పలకల ఆలోచన రావడానికి ఎంతో సేపు పట్టలేదు. ఊరి బయట షెడ్ల వెనక పలకరాయి ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఎవరు ఎన్ని తీసుకుపోయినా అడిగే నాథుడు లేడు. రాయి మీద చెక్కితే ఎండకు వెలిసిపోదు, వానకు కారదు.

చెక్కే మనిషి కూడా నాకు ముందే తెలుసు. మా వీధి చివర ఉండే పెద్దాయన, అప్పటికి డెబ్భై దగ్గరపడ్డవాడు. చిన్నప్పటి నుంచి పలకల ఫ్యాక్టరీల్లో పనిచేశాడు. పిల్లలు నోటుపుస్తకాలకు మారి పలకల పని సన్నగిల్లాక, ఇంటి ముందర రేకుల షెడ్డు వేసుకుని, గుమ్మాలకు తగిలించే పేర్లు రాతి మీద చెక్కేవాడు. నేను సంగతి చెప్పగానే చేతిలో ఉలి పక్కన పెట్టాడు.

"బతుకంతా తుడిచేసే పలకలు చేసినా టీచరమ్మా. పొద్దున రాసేది, సాయంత్రం తుడిచేది. తుడిచినా పోనిది ఒక్కటన్నా చేసి పోవాల."

నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు, కోపం వస్తే తల్లీ అనేవాడు. ఆ రెండేళ్లలో ఎక్కువగా తల్లీ అనే అనిపించుకున్నాను.

ఏం చెక్కాలన్నది నా వంతు. మా బడి కంచెకు ఏటా వానలకు ఒక తీగ పాకేది. పుస్తకాల్లో దాన్ని అగ్నిశిఖ అంటారు, అడవినాభి అని కూడా అంటారు. ఆ పువ్వు విచ్చుకునేటప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. ఒకటి రెండు రోజులకు పసుపు, ఆ తర్వాత నారింజ, చివరికి కళ్లు చెదిరే ఎరుపు. మామూలు పువ్వు ముసలిదైతే రంగు వెలిసిపోతుంది. ఇది ముసలిదయ్యేకొద్దీ మండుతుంది. దాని ఆకుల కొసలు దారంలా సాగి, పక్కన ఏది దొరికితే దాన్ని చుట్టేసుకుంటాయి. చలికాలానికల్లా తీగ మొత్తం ఎండి, కంచెకు పాత తాడు ముక్కలా వేలాడుతుంది. ఎండాకాలం అక్కడ ఏమీ ఉండదు. వానలు పడగానే మళ్లీ అదే చోట తల ఎత్తుతుంది. ఆరేళ్లు ఆ కంచె పక్క నుంచి నడిచాను, ఇది ఏటా ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కసారి కూడా నేను ఆలోచించలేదు.

మొలక నుంచి ఎండుతీగ దాకా ఎనిమిది పలకలు, చివరగా నేల కింద ఏముందో చూపించే తొమ్మిదో పలక. ఇదీ మా లెక్క. నేను కాగితం మీద గీయాలి, మామ రాయి మీద చెక్కాలి.

తొందరలో నేను మొదట పువ్వు బొమ్మను జీవశాస్త్రం పాఠం చార్టు చూసి గీసి తీసుకుపోయాను. ఆయన కళ్లకు అప్పటికే పొరలు వస్తున్నాయి. కాగితాన్ని ముక్కుకు ఆనించుకున్నట్టు పట్టుకుని చూశాడు.

"ఏంది టీచరమ్మా ఇది?"

"పువ్వు మామా."

"ఏ ఊరి పువ్వు?"

నేను బిక్కమొహం వేశాను.

"దాని మొగం నేలకు ఉంటాది. రెక్కలేమో వెనక్కి తిరిగి పైకి లేస్తాయి. నువ్వు దాన్ని పళ్లెంలో పెట్టినట్టు గీసినావు. చూసి గీయలే తల్లీ నువ్వు."

మర్నాడు కంచె దగ్గరికి పోయి చూస్తే, ఆయన చెప్పినట్టే ఉంది. రోజూ కంటి ముందు ఉన్న పువ్వు తలకాయ ఎటు ఉందో నాకు తెలియదు, డ్రాయింగ్ టీచర్ని. మామ నాయన గొర్రెల కాపరి. చిన్నప్పుడు మంద వెంట తిరిగిన కళ్లు ఆయనవి. ఆ రోజు నుంచి పొద్దున బెల్లు కొట్టక ముందు అరగంట, సాయంత్రం అరగంట కంచె దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నాను. పిల్లలు నాకు తీగ మేడం అని పేరు పెట్టారు.

నల్లటి రాయి మీద ఎరుపు ఎట్లా చూపిస్తాడని నాకు మొదటి నుంచీ అనుమానం. అడిగితే, "చూద్దాంలే" అనేవాడు. ఒకరోజు షెడ్డుకు పోయేసరికి లేతపువ్వు పలక, ముదురుపువ్వు పలక రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. లేతపువ్వును గోటితో గీసినంత పైపైన చెక్కాడు. గీత వెంట రాయి తెల్లగా మెరుస్తోంది. ముదురుపువ్వును మాత్రం లోతుగా, ఇంకా లోతుగా తవ్వుకుంటూ పోయాడు. మధ్యాహ్నపు ఎండ పక్కవాటుగా పడితే ఆ రెక్కల గుంటల్లో నీడ చేరింది. రంగు చుక్క లేదు, అయినా ఆ పువ్వు ముదిరి మండుతోందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆర్ట్ కోర్సులో నాకు ఎవరూ చెప్పని పాఠం అది. ఆయన మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దగ్గుతున్నాడు.

ఆ దగ్గు గురించి చెప్పాలి. యాభై ఏళ్ల రాతిపొడి ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. ఆ చలికాలం డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ చూసి, ఇక రాయి ముట్టుకోవద్దన్నాడు. మామ భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, నా ముందే తేల్చి చెప్పింది.

"ఈ బడి పని ఒక్కటే. ఇది అయినాక ఉలి పట్టుకుంటే నేను మా అన్న ఇంటికి పోతా, ఆడే ఉంటా."

"పో, పో. నాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు మామ.

"ఆ పలకలే తిను."

మాటలు నవ్వులాటగానే ఉన్నాయి కానీ ఆమె మొహంలో నవ్వు లేదు. అందుకే మిగిలిన పని తొందరగా ముగించాలని నా ఆత్రం. ఆ ఆత్రమే నన్ను ముంచింది.

ఫిబ్రవరికల్లా ఎనిమిది పలకలు అయ్యాయి. కాయ పగిలి ఎర్రటి గింజలు బయటపడే పలక, ఎండుతీగ పలక చూసి హెడ్మాస్టరు గారు కూడా నెమలిని మరిచిపోయారు. మిగిలింది తొమ్మిదోది. తీగ చచ్చిపోయింది కదా, నేల కింద కుళ్లిన వేరు ఉంటుంది, అది చెక్కితే కథ ముగుస్తుందని నేను అనుకున్నాను. ఈసారి చూసే గీయాలని ఒక శనివారం బడి వదిలాక చిన్న గునపంతో కంచె మొదట్లో తవ్వాను.

కుళ్లిన వేరు లేదు. జానెడు లోతున ఒక గడ్డ దొరికింది. వేలి కంటే లావు, వంగిన రెండు కొమ్మలు ఒకచోట కలిసినట్టు, చూడ్డానికి చిన్న నాగలిలా ఉంది. చల్లగా, గట్టిగా, చేతికి బరువుగా తగిలింది. పైన తీగ ముట్టుకుంటే పొడి అవుతోంది. కింద ఇది ఇంత నిబ్బరంగా ఉంది. నేను ఆ మట్టిలో అట్లాగే కూర్చుండిపోయాను. చావు బొమ్మ గీద్దామని వచ్చినదాన్ని, నాకు దొరికింది అది కాదు.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. చూశాను కదా, ఫోనులో ఒక ఫొటో తీసుకుని మళ్లీ పూడ్చేస్తే సరిపోయేది. కానీ నాలోని డ్రాయింగ్ టీచరు ఊరుకుంటుందా? దాన్ని రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. పంపు కింద పెట్టి పీచుతో రుద్దాను. చివర్లలో సన్నటి వేళ్లు, మట్టి, ఏదో బొడిపె, అంతా గజిబిజిగా ఉంది. మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. పిల్లల ముందు బొమ్మకు వస్తువు పెట్టేటప్పుడు దాన్ని కాస్త సరిచేస్తాం. ముల్లంగి తోక కోసేస్తాం, మునక్కాడ చివర్లు తెగ్గొడతాం, వంకాయ ముచ్చికను సమంగా కత్తిరిస్తాం. ఆకారం చక్కగా కనపడాలి, గీసేవాళ్లకు సులువు కావాలి. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, చెయ్యి దానంతట అదే చేసేసింది. బ్లేడు తీసుకుని ఒక కొనను అంగుళం మేర కోసి పారేశాను. రెండో కొనను నున్నగా గీకాను. ఎంత అందంగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆదివారం దాన్ని పట్టుకుని షెడ్డుకు పోయాను. ముందు అత్త చూసింది.

"ఓయమ్మా! ఈ పాపిష్టిదాన్ని యాడ పట్టినావు? ఇసం అది. గొర్రె తింటే గొర్రె పోతాది, మనిషి తింటే మనిషి పోతాడు. పో, చేతులు కడుక్కో ముందు. సబ్బు పెట్టి."

మూడుసార్లు కడిగించింది. నేను తిరిగి వచ్చేసరికి మామ చేతిలో గడ్డ ఉంది. బొటనవేలితో ఒక కొనను తడుముతున్నాడు. తర్వాత రెండో కొనను.

"కొనలేమైనయి?"

"నేనే సరిచేశాను మామా, బొమ్మ బాగా వస్తుందని."

ఆయన పక్కనున్న రాతి మీద మెల్లగా కూర్చున్నాడు.

"మా నాయన మంద తోలుకుపోయేటప్పుడు, ఇది కనపడితే తవ్వి తీసేటోడు. ఊరికే పారేసేటోడు గాదు, పారేస్తే ఇంకోచోట లేస్తాది. రెండు కొనలూ విరిచేటోడు. దీని మొలక కన్ను ఆ కొనల్లోనే ఉంటాది, ఇంక యాడా ఉండదు. అవి పోతే ఎంత గడ్డ ఉన్నా మొలవదు. మా నాయన చంపేదానికి చేసిన పని, నువ్వు అందానికి చేసినావు తల్లీ."

బంగాళాదుంపలాగా ఎక్కడ కోసినా మొలుస్తుందనుకున్నానని ఏదో గొణిగాను. ఆ కోసిన ముక్క చెత్తలో పడి, చెత్తబండిలో పోయి అప్పటికే ఒక పూట అయింది.

"ఈ రెండో కొన గీకినావు గానీ, కన్ను పోయిందో ఉందో నా కళ్లకు తెలీడంలా" అన్నాడు మామ. నేను చూశాను. నాకూ తెలియలేదు.

గడ్డ బొమ్మ రాత్రే గీసేశాను కదా, దాన్ని చూసి చెక్కేస్తే పని అయిపోతుందని నేను బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇది బతికిందో సచ్చిందో తేలాల. తేలకుండా ఏమని చెక్కేది? వానలు పడనీ."

"వానల దాకా అంటే ఇంకా నాలుగు నెలలు. ఈయన ఆయాసం అంతవరకు ఆగుతాదా?" అంది అత్త. ఆమె నన్ను చూసి అనలేదు, కానీ నాకే తగిలింది. ఒక మనిషికి జీవితం మొత్తం మీద చేసుకోవాలని ఉన్న పని ఒక్కటి. దానికి నేను బ్లేడు పెట్టాను. అంతే.

గడ్డను అదే రోజు తీసుకుపోయి అదే గుంటలో పాతాను. నాకు ఆ ఎండాకాలం ఎట్లా గడిచిందో చెప్పలేను. బడికి సెలవులైనా వారానికి ఒకసారి బస్సెక్కి పోయి ఆ చోటు చూసి వచ్చేదాన్ని. చూడ్డానికి ఏముంది, మట్టి. మా ఆయన, "బంగారం ఏమన్నా పాతిపెట్టినావా?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడాది వాన ఆలస్యంగా వచ్చింది. జులై మొదటి వారంలో రెండు మంచి జల్లులు పడ్డాయి. బీడు మీద అక్కడక్కడా అగ్నిశిఖ మొలకలు కనపడ్డాయని గొర్రెల వాళ్లు చెప్పారు. మా కంచె దగ్గర ఏమీ లేదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. జీవశాస్త్రం సారు నా బాధ చూడలేక, "అడవిలో బోలెడు ఉన్నాయి మేడం, ఇంకొకటి తెప్పిస్తాను. గడ్డ గడ్డకూ తేడా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నాకు ఆశ పుట్టింది. ఆ మాటే మామకు చేరవేశాను.

అప్పటికి ఆయన మంచం దిగి షెడ్డు దాకా రావడానికే ఒకచోట నిలబడి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. అయినా నవ్వాడు.

"ఎనిమిది పలకలు మనింటి పిల్లవి, తొమ్మిదోది పక్కింటోళ్ల పిల్లదా?"

"అయితే కొంచెం తవ్వి చూడనా మామా? ఉందో లేదో తెలిసిపోతుంది."

"తవ్వబాక తల్లీ. నీ చెయ్యి దాన్ని ఒకసారి చూసింది చాలు."

జులై చివర్లో ఒక సోమవారం, ప్రార్థన బెల్లు కొట్టారు. నేను అలవాటుగా కంచె వైపు ఒక చూపు చూసి, నడిచిపోతూ ఆగాను. మట్టి చిన్నగా పగిలి ఉంది. ఆ పగులులో సన్నగా, లేత ఆకుపచ్చగా ఒక మొన. ప్రార్థన జరుగుతుంటే నేను కంచె దగ్గర మోకాళ్ల మీద ఉన్నాను. పిల్లలందరూ చూశారు. ఆ రోజు నాకు ఏ పరువూ గుర్తు రాలేదు. మామకు ఫోన్ చేస్తే అత్త ఎత్తింది. "వచ్చింది అత్తా, వచ్చింది" అన్నాను. ఆమె ఫోన్ ఆయనకు ఇచ్చింది. అటువైపు ఊపిరి మాత్రం వినపడింది, గరగరమంటూ.

అది పోయినేడాది తీగలా బలంగా రాలేదు. ఒకటే కాడ, సన్నగా, నా గీకుడు నుంచి ఎట్లాగో తప్పించుకున్న కన్ను అది. సెప్టెంబరులో ఒకే ఒక్క మొగ్గ వేసింది. అది ఆకుపచ్చగా విచ్చుకుని, పసుపైంది, నారింజైంది. ఎర్రబడగానే మామ కబురు పంపాడు, చూడ్డానికి వస్తున్నానని, తొమ్మిదో పలక సంగతి ఆ రోజే తేల్చేద్దామని.

ఆటోలో ఇద్దరూ వచ్చారు. గేటు నుంచి కంచె దాకా రావడానికి ఆయనకు పావుగంట పట్టింది. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించారు. "ఇప్పుడు మట్టి తీయి. పైనుంచి కాదు, పక్క నుంచి. గునపం ముట్టుకోబాక" అన్నాడు మామ. నేను కాఫీ స్పూను, నా ఎనిమిదో నంబరు కుంచె తీసుకుని కూర్చున్నాను. స్పూనుతో కొంచెం, కుంచెతో కొంచెం, మట్టిని పక్కకు తోస్తూ పోయాను. చెమట కళ్లల్లోకి కారుతోంది. గంట పైనే పట్టి ఉంటుంది.

ముందు నేను పాతిన గడ్డ కనపడింది. దాన్ని గుర్తుపట్టడానికి నా బ్లేడు గాటే ఆధారం. లేకపోతే అదే ఇది అంటే నమ్మేదాన్ని కాదు. అంత గట్టిగా, బరువుగా ఉన్నది ఇప్పుడు ముడతలు పడిన వట్టి తోలు. లోపల ఏమీ లేదు. దాన్ని ఆనుకునే, కాడ మొదట్లో, కొత్త గడ్డ ఒకటి ఉంది. తెల్లగా, నిగనిగలాడుతూ, రెండు కొమ్మలతో. రెండు కొమ్మలకూ కొనలు ఉన్నాయి. సూదిగా, చెక్కుచెదరకుండా, రెండూ ఉన్నాయి.

నేను కోసిన కొన కూడా ఉంది. నా గాటు పాతదాంతోనే ఆగిపోయింది.

కుంచె కింద పెట్టేశాను. పైన చూస్తే, తల దగ్గరే పువ్వు ఎర్రగా వేలాడుతోంది. ఆ పువ్వు, ఆ ఆకులు, కంచెను పట్టుకున్న ఆ తీగ కొసలు, ఈ తెల్లటి కొత్త గడ్డ, అన్నీ ఆ గాటుపడ్డ ముసలిదానితోనే మొదలయ్యాయి. ఉన్నదంతా ఇచ్చేసి తోలు మిగుల్చుకుంది. "ప్రతి ఏడూ ఇంతే మేడం. పాతది పోయి కొత్తది, అదే చోట" అన్నాడు జీవశాస్త్రం సారు, ఏదో పాఠం చెప్పబోయి మధ్యలో ఆగిపోయాడు. నేను ఎప్పుడు చెప్పులు విడిచానో నాకు తెలియదు. మనం ఇంటర్వెల్‌లో కబుర్లు చెప్పుకునే చోటికి పది అడుగుల దూరంలో, ఎవరూ చూడకుండా, ఏటా ఇంత జరుగుతోందా అని నాకు భయం లాంటిది కలిగింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మామ మెల్లగా వంగి, ఒక్క వేలితో ముందు పాతదాన్ని, తర్వాత కొత్తదాన్ని తాకాడు. కొనల మీద వేలు ఆపి ఉంచాడు.

"నిండుగా ఉంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏడిస్తే ఏడిసినావు గానీ, నన్ను ఆ తోలుతో పోల్చబాక టీచరమ్మా. నేను ఇంకా అంత ఎండలే" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాపిష్టిది అని తిట్టిన మనిషే, పోయే ముందు ఆయన చేతిని సబ్బుతో కడుగుతూ, గడ్డ వైపు చూసి ఒకసారి తల వంచింది. నేను మట్టిని చేత్తోనే మళ్లీ కప్పేశాను.

తొమ్మిదో పలక చెక్కడానికి పన్నెండు రోజులు పట్టింది. పొడి లేవకుండా అత్త పక్కన కూర్చుని చెంబుతో రాయి మీద నీళ్లు పోస్తూనే ఉంది. ఆయన ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని, కళ్లతో కంటే వేళ్లతో ఎక్కువ చూసుకుంటూ, ఐదు నిమిషాలు చెక్కి పది నిమిషాలు ఆగేవాడు. పాతగడ్డను గోటిగీత అంత పలచగా, కొత్తదాన్ని రాయిలోంచి ఉబ్బి బయటికి వస్తున్నట్టుగా తీశాడు. పాతదాని మీద గాటు కూడా చెక్కాడు, బ్లేడు ఎంత నిటారుగా దిగిందో అంత నిటారుగా.

"అది వదిలేయి మామా. బడి గోడ మీద నా తప్పు ఎందుకు?" అని బతిమాలాను.

"గాటు లేకపోతే, అది కొత్తదానికి రాలేదని చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తాది?"

పలకలు తొమ్మిదీ వరండా గోడకు ఎక్కాయి. ఆయన ఉలి ఇంట్లో పెట్టేశాడు. అత్త అన్న ఇంటికి పోవాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం నేను రిటైర్ అయ్యాను. శాలువా, గడియారం, గ్రూపు ఫొటో, అన్నీ అయ్యాయి. జూన్ చివర్లో వానలు పడ్డాక హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, "మేడం, మీరు ఒకసారి రావాలి. పెద్దాయన్ను కూడా తీసుకురండి" అని మాత్రం అన్నారు. ఏమిటని అడిగితే చెప్పలేదు. ఆటో మాట్లాడి ముగ్గురం పోయాం.

కంచె మొదట్లో పక్కపక్కనే, కొనకొకటిగా, రెండు కాడలు లేచి ఉన్నాయి. రెండూ జానెడు ఎత్తు, రెండూ ఒకటే లావు. ఆకుల కొసలు అప్పుడే ముళ్లకంపను వెతుక్కుంటున్నాయి. మామకు అప్పటికి చూపు బాగా తగ్గింది. అత్త ఆయన్ను నేల మీద కూర్చోబెట్టింది. ఆయన చెయ్యి చాచి ఒక కాడను మొదటి నుంచి పైదాకా తడిమాడు, తర్వాత రెండోదాన్ని. ఊపిరి అందడానికి కాసేపు ఆగాడు. తర్వాత నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు.

"నీకు కళ్లు బాగున్నాయి గదా టీచరమ్మా. ఇందులో నువ్వు కోసింది ఏదో చెప్పు."

నేను వంగి, రెండు కాడలనూ ఆకు ఆకునా చూశాను. చాలాసేపు చూశాను. చెప్పలేకపోయాను.